రెక్క కింద నీలి మరక

సెంటు సారు వస్తున్నాడని ముందు గాలి చెబుతుంది. కారు గేటు దాటకముందే, గులాబీలూ మందుల షాపూ కలిపి నూరినట్టుండే ఆ ఘాటు షెడ్డులోకి వచ్చేస్తుంది. అంతే, కూర్చున్నవాడు లేస్తాడు, కబుర్లాడేవాడు చేతికందిన స్పానర్ పట్టుకుంటాడు. చిన్న విమానాలు ఎగిరే ఆయన మైదానంలో అందరికీ ఈ ముందస్తు కబురు అందేది. ఒక్క మెకానిక్‌కి తప్ప.

మెకానిక్‌కి ముక్కు పనిచేయదు.

చూడ్డానికి ముక్కు బాగానే ఉంటుంది. కోటేరేసినట్టు, ఇంట్లో అందరికంటే అందంగా ఉంటుంది. వాసన మాత్రం తెలియదు. పోయిన చలికాలం వచ్చిన జ్వరం పోతూ పోతూ దాన్ని పట్టుకుపోయింది. ఆ సంగతి తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. మెకానిక్ ఒకడు, అతని చెల్లెలు చిట్టి ఒకతె. నలభై దాటి, జుట్టు సగం నెరిసినా షెడ్డులో అందరికీ ఆమె చిట్టే. విమానాలు కడగడం, తుడవడం, పాలిష్ పెట్టడం ఆమె పని. భర్త పోయాక అన్నయ్య ఇంట్లోనే ఉంటోంది. ఈ పనిలో పెట్టించింది కూడా అన్నయ్యే.

ఆమెకి తెలిసింది ఓ చచ్చిన ఎలుక వల్ల. వదిన తన అక్క ఇంటికి వెళ్లినప్పుడు బీరువా వెనక ఎలుక చచ్చింది. చిట్టి ముక్కుకి కొంగు కట్టుకుని ఇల్లంతా వెతుకుతోంది. అన్నయ్య ఆ బీరువాకే వీపు ఆనించి తాపీగా పేపరు చదువుతున్నాడు.

"నీకు కంపు కొట్టట్లేదా అన్నయ్యా?"

"ఏం కంపు?" అన్నాడు అన్నయ్య. ఆ తర్వాత ఆమె మొహం చూశాడు. పేపరు మడిచాడు. "ఎవరికీ చెప్పకు చిట్టీ. వదినకి కూడా."

విమానం మెకానిక్‌కి ముక్కంటే సగం పెట్టుబడి. పెట్రోలు ఎక్కడైనా కారితే ముందు ముక్కుకి తెలుస్తుంది, తర్వాతే కంటికి. ముక్కు లేని మెకానిక్‌ని ఎవరుంచుకుంటారు? ఈ వయసులో ఇంకో చోట ఎవరు పిలిచి పని ఇస్తారు? చిట్టి ఆ రోజు ఎలుకని బయట పారేసి, మాటని కడుపులో పెట్టుకుంది.

వదినకి చెప్పకుండా నెట్టుకురావడం అనుకున్నంత కష్టం కాలేదు. అంతకుముందు ప్రతి ముద్దకీ వంకపెట్టే మనిషి ఇప్పుడు ఏం పెట్టినా "అబ్బ, ఘుమఘుమలాడుతోంది" అని తింటున్నాడు. ఇన్నేళ్లకి మొగుడికి తనమీద ప్రేమ పుట్టుకొచ్చిందని వదిన మురిసిపోతోంది. చిట్టి తల వంచుకుని తినేది.

షెడ్డులో మాత్రం ఓ పద్ధతి కావాల్సి వచ్చింది. అది వాళ్లిద్దరే పెట్టుకున్నారు.

పొద్దున్నే చిట్టి గుడ్డ పట్టుకుని విమానం చుట్టూ ఓ తిరుగు తిరుగుతుంది, మంచు తుడిచే వంకతో. తుడుస్తూ వాసన చూస్తుంది. రెక్కల కింద, ఇంజన్ మూత పక్కన, తలుపు తీసి సీట్ల మధ్య. తేడా ఏమైనా ఉంటే ఆ వైపు రెక్కని మోసే ఊచకి గుడ్డ తగిలించి వెళ్లిపోతుంది. అన్నయ్య వచ్చి గుడ్డ చూస్తాడు. ఆ వైపు విప్పుతాడు, వెతుకుతాడు, పట్టుకుంటాడు. గుడ్డ లేకపోతే అంతా బాగున్నట్టే.

దీనికి తోడు ఒక కట్టుబాటు. ఏ మరకనైనా అన్నయ్య చూశాకే తుడవాలి. విమానాల పెట్రోలులో నీలి రంగు కలుపుతారు, ఏ రకమో చూడగానే తెలియడానికి. కారిన పెట్రోలు ఆరిపోతుంది, నీలం మిగులుతుంది. తెల్లటి రంగు మీద సిరా ఒలికినట్టు కనిపిస్తుంది. చూసేవాళ్లకి అది మురికి. అన్నయ్యకి మాత్రం అది ముక్కు పోయాక మిగిలిన ఒకే ఒక్క సాక్షి.

"మరకని దొంగ అనుకోకు చిట్టీ. దొంగని చూపించే వేలనుకో" అనేవాడు.

ఇలా ఏడాది గడిచింది. ఇబ్బంది వచ్చిందల్లా సెంటు సారుతోనే. ఓసారి ఆయన నడకని అన్నయ్య షెడ్డు మధ్యలో అభినయిస్తుంటే ఆయన సరిగ్గా వెనకే నిలబడ్డాడు. అందరూ బిగుసుకుపోయారు. చిట్టి దగ్గీ దగ్గీ గొంతు పోగొట్టుకుంది. అన్నయ్య తిరిగి చూసి, అదే నడకతో వెళ్లి ఆయనకి కుర్చీ వేశాడు.

"నీ ధైర్యం తగలెయ్య!" అన్నాడు సెంటు సారు, నవ్వాపుకోలేక.

ధైర్యం కాదని చిట్టికి తెలుసు.

*

ఆ రోజు ఆకాశం పొద్దుటి నుంచే మసిగుడ్డలా ఉంది. గాలి లేదు. ఇంకో విమానం చక్రానికి కొత్త ట్యూబు తేవడానికి అన్నయ్య తెల్లవారగానే ఊళ్లోకి వెళ్లాడు. మంచు తుడవడానికి చిట్టి గుడ్డ తడిపిందో లేదో, గులాబీల ఘాటు వచ్చేసింది. ఇంత పొద్దున్నే ఎన్నడూ రాని మనిషి.

"అమ్మాయ్, పిట్టని బయటికి తీయించు. ఫొటోలాయన వస్తున్నాడు."

పిట్ట అంటే ఆ తెల్ల విమానం. పైన రెక్కలు, నాలుగు సీట్లు, ముందు ఒకే ఇంజన్. సెంటు సారుకున్న వాటిలో పాతదీ, ఆయనకి ఇష్టమైనదీ అదే. కొత్త బోర్డు మీద, గేటు దగ్గర, ఎక్కడ పడితే అక్కడ దాని బొమ్మ వేయిస్తాడట.

నలుగురూ కలిసి పిట్టని వెలుతురులోకి తోశారు. సెంటు సారు చుట్టూ తిరిగి ఎడమవైపు ఆగాడు.

"ఇదేమిటి?"

ఎడమ రెక్క ఒంటికి అతికే చోట, తలుపుకి కాస్త పైన, నీలి మరక. అరచేయంత ఉంది. అక్కడి నుంచి సన్నటి చార ఒకటి తలుపు అంచు వెంట కిందికి దిగింది.

"పెట్రోలు మరక సార్. అన్నయ్య వచ్చి చూశాక తుడుస్తాను."

"మీ అన్నయ్య చూడ్డానికి అదేమన్నా పెళ్లికూతురా? తుడువ్."

"ఊళ్లోంచి ఇప్పుడే వచ్చేస్తాడు సార్."

"ఫొటోలాయన అంతకంటే ముందొస్తాడు. మొహం మీద మచ్చతో నా పిట్టని లోకానికి చూపించనా? సబ్బు పెట్టు, కానీ."

చిట్టి నిలబడి ఆలోచించింది. నిన్న టాంకు నిండా పోశారు. మధ్యాహ్నమంతా పిట్ట ఎండలోనే ఉంది. ఎండకి పెట్రోలు పొంగి మూత దగ్గర నుంచి పైకి రావడం, రెక్క మీంచి జారి ఇలా మరక పడటం మామూలే. వేసవిలో అయితే ఎన్నిసార్లు తుడిచిందో. అదే అయి ఉంటుంది.

అయి ఉంటుంది అనుకునే గుడ్డ ముంచింది.

సబ్బు నీళ్లు రాసింది. చార పోయింది. మరక పల్చబడింది గానీ పోలేదు. రెక్క కిందికి వంగి, మెడ నొప్పెడుతుంటే, ఎగిరేటప్పుడు గాలి ఒరుసుకుపోయే వైపుకే నిలువుగా రుద్దింది. అడ్డంగా రుద్దితే రంగు మీద గీతలు పడతాయి. అయినా పోలేదు. పాలిష్ ముద్ద తీసింది. ఆ పాలిష్‌కి కిరసనాయిలూ నారింజ తొక్కా కలిసిన వాసన. డబ్బా మూత తీస్తే షెడ్డంతా తెలుస్తుంది. పక్కన సెంటు సారు, ఆయన గులాబీలు. ఆ రెండింటి మధ్యలో ఏ ముక్కైనా ఏం చేస్తుంది?

"అక్కడ, అక్కడింకా కనిపిస్తోంది. నీ చేతికి బలం లేదా అమ్మాయ్?"

బలమంతా పెట్టింది. మరక పోయింది. దాని చోట ఇప్పుడు ఆమె మొహమే మసకగా కనిపిస్తోంది. తుడిచిన గుడ్డల్ని బక్కెట్లో పడేసింది.

ఫొటోలాయన వచ్చాడు, మబ్బుని తిట్టుకుంటూ తీశాడు, పోయాడు. అతను వెళ్లేసరికి మాస్టారు గేటు దగ్గర సైకిలు దిగుతున్నాడు.

మాస్టారు బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పెళ్లాం పోయాక విమానం నడపడం నేర్చుకున్నాడు. వారానికోసారి వచ్చి పిట్టని తీసుకుని ఒంటరిగా పైకి వెళ్తాడు, కాసేపు తిరుగుతాడు, దిగుతాడు. ఎగరగానే రేడియోలో "హాజర్" అంటాడు. దిగాక "బడి వదిలారు" అంటాడు. ఆ రెండు మాటలూ అనకూడదని రేడియో గదిలో ఉండే బాబాయ్ మొత్తుకుంటాడు, ఆయన వినడు.

"తల్లీ, ఏమిటివాళ పిట్టకి పెళ్లి కళ వచ్చింది?"

"ఫొటోలు తీశారు మాస్టారూ."

"నన్నూ కాస్త తుడిచి పెడుదూ, నాకూ తీస్తారేమో."

చిట్టి నవ్వింది. సరిగ్గా అప్పుడే ఆఫీసు గుమ్మంలోంచి సెంటు సారు కేక వేశాడు, కిటికీ అద్దాలు మసిగా ఉన్నాయని. ఆమె అటు వెళ్లింది. అద్దంలోంచి చూస్తే, అన్నయ్య ట్యూబు భుజానికి వేసుకుని హడావుడిగా వస్తున్నాడు. చెబుదామనుకుంది. అద్దం మీద సబ్బు ఆరిపోతోంది, వెనక సెంటు సారు నిలబడి ఉన్నాడు. ఈ ఒక్కటీ తుడిచి వెళ్దాం అనుకుంది.

అన్నయ్య పిట్ట చుట్టూ తిరిగాడు. ఊచ వైపు చూశాడు. గుడ్డ లేదు. రెక్కల కింద వంగి చూశాడు. తెల్లగా, తళతళలాడుతోంది. తలుపు తీసి లోపల తలపెట్టి చూశాడు. పెట్రోలు గొట్టాలు, నూనె, చక్రాలు, అన్నీ అలవాటుగా చూశాడు. బొటనవేలెత్తి చూపించాడు. మాస్టారు ఎక్కాడు.

చెడ్డకి గుర్తు పెట్టుకున్నారు గానీ మంచికి వాళ్లు గుర్తు పెట్టుకోలేదు. గుడ్డ లేకపోతే అంతా బాగున్నట్టే. చిట్టి ఆ రోజు ముక్కుతో అసలు తిరగనే లేదని చెప్పడానికి ఆ పద్ధతిలో చోటు లేదు.

పిట్ట పరుగెత్తింది, లేచింది, మబ్బు కిందికి వెళ్లింది.

"హాజర్" అంది రేడియో.

*

షెడ్డు వెనక కుళాయి దగ్గర చిట్టి గుడ్డలు ఉతుకుతోంది. సబ్బు గుడ్డ పిండింది. లేత నీలం నీళ్లు కారాయి. పాలిష్ గుడ్డ తీసి విప్పింది.

చేతులు ఆగిపోయాయి.

గుడ్డ మధ్యలో నీలం ముదురుగా ఉంది. దాని చుట్టూ గోధుమరంగు అంచు, టీ గ్లాసు పెట్టిన చోట మిగిలే వలయంలాగా. ఒకదాని మీద ఒకటి. ఆరి, మళ్లీ తడిసి, మళ్లీ ఆరినట్టు.

నిన్నటి మరక సబ్బుకి పోతుంది. ఇన్నేళ్లలో పోనిది లేదు. ముద్ద పెట్టి రుద్దితే గానీ పోని మరక పాతది. పాత మరక అక్కడ ఉందంటే అది ఎండకి ఒకసారి పొంగి పడింది కాదు. లోపలెక్కడో రెక్కలోంచి ఒంట్లోకి వచ్చే గొట్టం దగ్గర కొద్దికొద్దిగా ఊరుతోంది. రెక్క నీడలో ఇన్నాళ్లూ కంటికీ ముక్కుకీ అందనంత సన్నగా ఊరి, నిన్న నిండా పోశాక బయటపడింది. బయటికి అరచేయంత వచ్చిందంటే లోపలికి, తలుపు పక్క రేకు వెనక్కి, వైర్లున్న చోటికి ఎంత పోతోందో!

రుద్దుతున్నప్పుడే ఆ మాట చేతికి తెలిసింది. పోవట్లేదని చెయ్యి చెబుతూనే ఉంది. ఆమే వినలేదు.

గుడ్డ పట్టుకుని పరుగెత్తింది.

అన్నయ్య బల్ల దగ్గర ట్యూబు ఎక్కిస్తున్నాడు. ఆమె గుడ్డని అతని ముందు పరిచింది. వగరుస్తూనే చెప్పింది. ఎడమవైపు, రెక్క మొదట్లో, తలుపు పైన. సబ్బుకి పోలేదు. నేనే తుడిచాను.

అన్నయ్య గుడ్డని ముక్కు దగ్గరికి తీసుకెళ్లాడు. పాత అలవాటు. తర్వాత కిందికి దించాడు.

"పొద్దున లోపల వాసన చూశావా?"

"లేదు. సారొచ్చేశాడు. పాలిష్ ఘాటు ఒకటి."

"నాకెందుకు చెప్పలేదే?"

"ఎండకి పొంగిందనుకున్నా అన్నయ్యా. అదే అయ్యుండొచ్చు కూడా. ఒకవేళ ఏమీ లేకపోతే, అనవసరంగా నీ సంగతి..."

అన్నయ్య ఒక్క క్షణం బల్ల మీదున్న తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆ క్షణంలో ఏం తూచాడో చిట్టి కళ్లారా చూసింది. ఇల్లు, వదిన, పనిలో గడిచిన బతుకంతా ఒక పళ్లెంలో. సైకిలు మీద వచ్చే ముసలాయన ఇంకో పళ్లెంలో.

"ఏమీ లేకపోతే మంచిదే. పద" అన్నాడు, లేస్తూ.

*

రేడియో గది అగ్గిపెట్టంత ఉంటుంది. బాబాయ్ కుర్చీలో ఉన్నాడు. కిటికీ పక్కన సెంటు సారు, టీ కప్పుతో.

"మాస్టారు ఎక్కడున్నాడు?" అన్నాడు అన్నయ్య.

"చెరువు అవతల. ఇవాళ మబ్బు కింద తాబేల్లా పాకుతున్నాడు. ఏం?"

అన్నయ్య జవాబు చెప్పకుండా మైకు అందుకున్నాడు. "మాస్టారూ, నేను మెకానిక్‌ని. లోపల పెట్రోలు వాసనేమైనా వస్తోందా?"

గరగర. తర్వాత మాస్టారు గొంతు, హుషారుగా. "ఏదో ఘాటు వస్తోందయ్యా, ఎక్కినప్పటి నుంచీ. మీ చెల్లెలు పెట్టిన పాలిష్ కదూ? తల కాస్త దిమ్ముగా ఉంది. పొద్దుటి మందు వేసుకోలేదులే, అదీ."

బాబాయ్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. సెంటు సారు కప్పు కింద పెట్టాడు.

"పాలిష్ కాదు మాస్టారూ. పెట్రోలు కారుతోంది. వెంటనే వెనక్కి రండి. కిటికీ తెరవండి. ఏ స్విచ్చూ ముట్టుకోకండి."

"అదేమిటి? పొద్దున నువ్వే లోపల తలపెట్టి చూశావు కదయ్యా. నీకు రాని వాసన నాకొచ్చిందా? నువ్వు అనవసరంగా కంగారు పడుతున్నావు. ఇదిగో, కళ్లు మండుతున్నాయి, ఫ్యాను వేసుకుంటా, సరిపోతుంది."

"వద్దు!"

అన్నయ్య అరుపుకి కిటికీ అద్దం ఘల్లుమంది. సెంటు సారు అతన్నే చూస్తున్నాడు. ఈ మాటలు మైదానంలో రేడియో పెట్టుకున్న ప్రతివాడూ వింటాడు. షెడ్డులో స్పీకరు కూడా ఉంది.

"మాస్టారూ, పొద్దున నేను చూసింది లెక్కలోకి రాదు. నాకు వాసన తెలియదు. ఏ వాసనా తెలియదు. పోయిన చలికాలం నుంచి లేదు. మీకు వచ్చేదే నిజం. ఫ్యాను స్విచ్చు వేస్తే నిప్పురవ్వ పుడుతుంది. దయచేసి ముట్టుకోకండి."

రేడియోలో ఏమీ లేదు.

"ఇంక మైకు కూడా నొక్కకండి. జవాబు చెప్పొద్దు. రేడియో ఆపడానికి కూడా ముట్టుకోకండి, ఉన్నది ఉన్నట్టు వదిలేయండి. తిన్నగా రండి. దిగాక పెట్రోలు ఆపే ఎర్ర పిడి లాగి ఇంజన్ ఆర్పండి, తాళం తిప్పకండి. తలుపు తీసుకుని పరుగెత్తండి. అంతే మాస్టారూ."

మైకు బల్ల మీద పెట్టాడు. అతను చెప్పింది ఆయనకి వినబడిందో లేదో తెలుసుకునే దారి లేదు. జవాబు చెప్పొద్దన్నది తనే.

బాబాయ్ దూరదర్శినితో మబ్బు అంచు వెతుకుతున్నాడు. చిట్టి కళ్లు ఆ నల్లటి స్పీకరు మీదే ఉన్నాయి. దాన్నుంచి ఒక్క మాట రావాలనీ, రాకూడదనీ, రెండూ ఒకేసారి కోరుకుంది. చేతిలో గుడ్డ అలాగే ఉంది. పెట్రోలు, పాలిష్, గులాబీ, మూడూ కలిసి ముక్కులో దూరుతున్నాయి. అవేమీ తెలియని మనిషి ఆమె పక్కనే కొయ్యలా నిలబడి ఉన్నాడు.

"ఎప్పట్నుంచి అన్నావు?" అన్నాడు సెంటు సారు, చాలా నెమ్మదిగా.

"పోయిన చలికాలం సార్."

"ఈ ఏడాదంతా నేను ఆ పిట్టలో తిరిగాను."

"అవును సార్."

"మా అమ్మాయిని ఎక్కించాను. దాని పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని."

అన్నయ్య తల వంచాడు. ఆయన కేకలేసి ఉంటే బాగుండేది. సెంటు సారు చిట్టి వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

చిట్టి నోరు తెరిచింది. అన్నయ్య బూటు ఆమె పాదం మీద పడింది, బరువుగా, నొప్పి పుట్టేలా.

"దానికేం తెలుసు సార్? తుడవమంటే తుడిచింది. మీరే కదా తుడవమన్నది."

సెంటు సారు ఆ మాట మింగాడు. చిట్టి కూడా నోటికొచ్చిన మాట మింగింది. ఒక ఇంట్లో రెండు పనులూ ఒకేరోజు పోకూడదు. అది అన్నయ్య బూటు చెప్పిన మాట. ఆమె విన్నది. పొద్దున చెయ్యి చెప్పింది వినని మనిషి, ఇప్పుడు ఇది మాత్రం విన్నది.

"అదిగో" అన్నాడు బాబాయ్.

మబ్బు కింద తెల్లటి చుక్క. అది పెరిగింది, రెక్కలు తొడుక్కుంది. ఒక పక్కకి వాలింది, సర్దుకుంది. మామూలుకంటే వేగంగా వచ్చి నేల తాకింది, ఎగిరింది, మళ్లీ తాకింది. చాలా దూరం పరుగెత్తి గడ్డిలోకి దిగి ఆగింది. ముందున్న పంకా తిరగడం ఆగింది. తలుపు తెరుచుకుంది. మాస్టారు దిగలేదు, జారాడు. లేచి, అడుగులు తడబడుతూ, పరుగులాంటిదేదో చేశాడు.

అందరికంటే ముందు చేరింది అన్నయ్యే. ఆయన్ని గడ్డి మీద కూర్చోబెట్టాడు. మాస్టారు వాంతి చేసుకుని, మొహం తుడుచుకుని, చుట్టూ చూశాడు.

"బడి వదిలారు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు.

తలుపు పక్క రేకు విప్పితే చప్పుడు రాకుండా లోపల కూరిన దూది తడిసి ముద్దయి ఉంది. గొట్టం కీలు దగ్గర వెంట్రుకంత చీలిక. ఆ తడి మధ్యలోంచి ఫ్యాను వైరు వెళ్తోంది. అన్నయ్య చీలికని వేలితో తడిమాడు. అది ఆ షెడ్డులో అతను చేసిన ఆఖరి పని.

వెళ్లేముందు మాస్టారు అతని దగ్గరికి వచ్చాడు. కృతజ్ఞతలు చెబుతాడనుకుంది చిట్టి.

"నన్ను బతికించావయ్యా" అన్నాడు మాస్టారు. "కానీ వారం వారం నీ బొటనవేలు చూసి ఎక్కాను."

సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయాడు. ఎక్కలేదు.

*

పనిముట్ల పెట్టె భుజాన మోసుకుంటూ అన్నయ్య పగటిపూటే ఇంటికొచ్చేసరికి వదిన గరిట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అతను పెట్టె దించి, ముక్కుసూటిగా, ఏదీ దాచకుండా చెప్పాడు. చిట్టి గోడకి ఆనుకుని నిలబడింది, వదిన ఎప్పుడు విరుచుకుపడుతుందా అని.

వదిన పని గురించి అడగలేదు. రేపటి గురించి అడగలేదు. గరిట వైపు చూస్తూ అంది.

"మొన్న కూర ఘుమఘుమలాడుతోందన్నారు."

అన్నయ్య పెట్టెని కాలితో గోడ పక్కకి జరిపాడు.

"నిన్న కూడా అన్నారు."

"ఉప్పు తెలుస్తుంది. పులుపు తెలుస్తుంది" అన్నాడు అన్నయ్య. "మిగతాది రంగు చూసి చెప్పేవాణ్ణి. నీ మొహం చూసి."

వదిన లోపలికి వెళ్లింది. పొయ్యి మీద ఏదో మాడుతోంది. ఆ వాసన ఇల్లంతా నిండింది. ఆమె దించలేదు. చిట్టి వెళ్లి దించింది.

ఆ తర్వాత వదిన వంట చేస్తోంది, వడ్డిస్తోంది. అన్నయ్య తింటున్నాడు. ఎలా ఉందని ఆమె అడగదు. బాగుందని అతను అనడు.

షెడ్డుకి కొత్త మెకానిక్ వచ్చాడు. కుర్రతనం వదలని మనిషి. మొదటి రోజే పిట్ట పక్కనుంచి ఈల వేసుకుంటూ నడుస్తూ ఠక్కున ఆగి, ముక్కు ఎగబీల్చి, "ఇక్కడింకా కొంచెం వస్తోందమ్మా" అన్నాడు. అంత సులువుగా. నడుస్తూ నడుస్తూ. చిట్టి ఇప్పుడు గుడ్డని ఏ ఊచకీ తగిలించనక్కర్లేదు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అన్నయ్య వాకిట్లో కూర్చుని ఉంటాడు. పక్కింటివాళ్ల సైకిలో, కుట్టుమిషనో విప్పుకుంటూ. ఆమె సంచిలోంచి గుడ్డ తీసుకుంటాడు. వెలుతురులో పట్టుకుని చూస్తాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటాడు, కళ్లు మూసుకుని, ఈ రోజైనా ఏదైనా తగులుతుందేమో అన్నట్టు.

"ఏం వాసన?" అని అడుగుతాడు చివరికి.

"పెట్రోలు."

"ఎడమ రెక్కా?"

"కాదు. కుడివైపు, మూత దగ్గర. సబ్బుకే పోయింది."

"అతను చూశాడా?"

"చూశాడు అన్నయ్యా. చూశాకే తుడిచాను."